వెలగపండు నోట్లో ఉన్నంతసేపే

నమ్మితే నమ్ము, లేకపోతే పందెం కాయి. ఒక ఉడుము కాలేజీ పెట్టి పాఠం చెప్పింది. ఒక తీతువు పిట్ట నోరు మూసుకుంది. మొదటిది ఎలాగో నమ్ముతావేమో గానీ, తీతువు అరుపు ఒక్కసారి విన్నోడెవడూ రెండోది నమ్మడు. అందుకే ముందే చెప్తున్నా. దమ్ముంటే చివరిదాకా విని, అప్పుడు అబద్ధం అను.

ఇసకవాగు అని ఒకటుంది. అటు కొండ, ఇటు జీడితోటలు, మధ్యలో వాగు. పేరుకే వాగు. శివరాత్రి వెళ్ళిందా, నీళ్ళు ఇసక కిందకి దిగిపోతాయి. పైన చూస్తే చుక్క ఉండదు. కింద మాత్రం చల్లగా ఉంటాయి. తవ్వుకోవాలంతే. మరి కుందేళ్ళూ పిట్టలూ ఎంతని తవ్వుతాయి? తవ్వగలిగింది ఒక్కతే, ఏనుగు సన్నాసమ్మ పెద్దమ్మ. ముసలైపోయింది, మోకాళ్ళు పట్టేశాయి. అందుకని ఏడాదికి ఒక్క చెలమే తవ్వుతుంది. ఒక్కటంటే ఒక్కటి. వానలు పడేదాకా అడివంతా దాని దగ్గరికే రావాలి.

ఎక్కడ తవ్వాలన్నది విన్నపాల రోజున తేలుతుంది. దానికో రూలుంది. విన్నపం చెప్పుకునేవాళ్ళు ఒక వెలగపండు తెచ్చి పెద్దమ్మకివ్వాలి. పండు నోట్లో ఉన్నంతసేపే వింటుంది. మింగేసిందా, ఇక కొండ విరిగి పడ్డా వినదు. ఈ రూలు ఊరికే రాలేదు. పూర్వం ఒక నెమలి మూడు రోజులు విన్నపం చదివిందంట. మూడు రోజులైనా విషయం రాలేదు గానీ వాన వచ్చేసింది.

అప్పట్నుంచి అడగడం కూడా ఒక విద్యేనని అందరికీ అర్థమైంది. అడగందే అమ్మైనా పెట్టదు నిజమే, కానీ సరిగ్గా అడక్కపోతే అమ్మకి మాత్రం ఎలా తెలుస్తుంది, ఏం పెట్టాలో? అందుకే ఉడుము తవిటమ్మ మేడం పుట్ట మీద విన్నపాల కాలేజీ పెట్టింది. రాయడానికి మోదుగాకులు, ముళ్ళపంది రాల్చిన ముళ్ళు. పుట్ట చుట్టూ ఒక గీత గీసుంటుంది. గీత లోపల ఎవరూ ఎవర్నీ తినకూడదు. గీత దాటాక ఎవరి కాళ్ళు వాళ్ళకి దిక్కు.

మన పిల్ల పేరు పైడి. తీతువుల పిల్ల. పొడుగు కాళ్ళు, కంటి ముందు ఎర్రటి తోలు, గొంతు మాత్రం పెళ్ళిలో మైకు. తీతువుల సంగతి తెలిసిందేగా. ఆకు రాలితే అరుపు, మేఘం కదిలితే అరుపు. పైడి వాళ్ళమ్మ వాగులో ఒక మామిడి మొద్దు దగ్గర ఇసకలో నాలుగు గుడ్లు పెట్టి పొదిగింది. నాలుగూ పిల్లలయ్యాయి. దూది ఉండలకి కాళ్ళొచ్చినట్టుంటాయి. ఇంకా ఎగరలేవు. అమ్మ రోజూ దూరంగా గేదెల మడుగుకి పోయి, నీళ్ళలో పొట్ట ఆనించి ఈకలు తడుపుకొని వస్తుంది. పిల్లలు ఆ తడి ఈకలు చప్పరిస్తాయి. అదే వాటికి నీళ్ళు. రోజుకి ఇరవై సార్లు పోయొస్తుంది అమ్మ. ఇరవై సార్లూ పైడి లెక్కపెట్టింది. మడుగు కూడా రోజురోజుకీ ఎండిపోతోంది.

చెలమ దగ్గర్లో పడితే పిల్లలు నడిచెళ్ళి తాగుతాయి. పడకపోతే, ఇంక ఆ మాట పైడి ఆలోచించదు. ఆలోచిస్తే అరుపొస్తుంది.

కాలేజీలో మొదటిరోజు పైడి రాసింది చదివింది. "అయ్యో ఘోరం, అన్యాయం, ప్రళయం వచ్చేసింది, లోకం మునిగిపోతోంది, ఎవరికీ పట్టదా, దిక్కులు పిక్కటిల్లిపోతున్నాయి..."

"ఆగు," అంది తవిటమ్మ మేడం. ఉడుము పట్టు అంటారే, ఆవిడ మాటని పట్టుకుంటే అదే పట్టు. "ఏటి మునిగింది?"

"లోకం మేడం."

"దేన్లో?"

పైడి తల గోక్కుంది. "అంటే, నీళ్ళు లేవు మేడం."

"నీళ్ళు లేకుండా మునిగిందా?"

క్లాసంతా పొట్ట పట్టుకుంది. వెనకాల నీడలో ఎద్దు అప్పలస్వామి నెమరేస్తూ పడుకున్నాడు. ఊళ్ళో బండి లాగి లాగి విశ్రాంతికొచ్చినోడు. కాలేజీలో చదవడు, మేడం ఆయన్ని పెట్టుకుంది దేనికంటే, ఎవరేం రాసినా ముందు ఆయనకి చదివి వినిపించాలి. విషయం ఉంటే నెమరు ఆపుతాడు. లేకపోతే ఒకటే మాట అంటాడు. ఇప్పుడూ అదే అన్నాడు.

"అయితే?"

పైడి ఆకు చింపేసింది.

తర్వాత లేచాడు నక్క దండాసి. తోక దువ్వుకొచ్చాడు, గొంతు సవరించుకున్నాడు. "మహోన్నత శిఖర సమానురాలవైన ఓ గజరాజ్ఞీ. చందమామను పోలిన దంతకాంతులతో దిక్కులను వెలిగించు దయాసముద్రమా. నీ చెవుల వీవెనలకు మలయమారుతములు సిగ్గుపడి..."

కుందేళ్ళు కళ్ళు మూసుకుని ఊగాయి. ఒక కుందేలైతే ఏడ్చేసింది, ఎందుకో దానికీ తెలీదు. అయిపోగానే చప్పట్లు. అప్పలస్వామి తోకతో ఈగని తోలాడు.

"అయితే?"

"నీకు సాహిత్యం తెలీదులే మావా," అన్నాడు దండాసి. "నువ్వు గడ్డి బాపతు."

తవిటమ్మ మేడం నాలుక బయటపెట్టి లోపల పెట్టుకుంది. "బాగుంది దండాసీ. ఎవరికి రాశావు?"

"పెద్దమ్మకి మేడం."

"గజరాజ్ఞి తీసేసి పులిరాణి అని పెడితే?"

"చక్కగా సరిపోద్ది మేడం."

"రోకలిబండ అని పెడితే?"

దండాసి కాస్త ఆలోచించాడు. "చెవుల దగ్గర కొంచెం మార్చాలి."

"అంటే అది పెద్దమ్మకి రాసింది కాదు నాయనా. నీకు నువ్వు రాసుకున్నావు." మేడం గోటితో పుట్ట మీద గీత గీసింది. "అందరూ వినండి. వారం టైము. వినే మనిషి గురించి మూడు సంగతులు తెలుసుకొని రండి. పొగడ్తలు కాదు. సంగతులు."

పైడి ఆ వారం రోజులూ పెద్దమ్మ వెనకాలే తిరిగింది. గేదెల వెనకాల తిరిగే కొంగలు నవ్వాయి, మాకు పోటీ వచ్చావా అని. అయినా తిరిగింది. పెద్దమ్మ పడుకునేది చూసింది, నడిచేది చూసింది, తినేది చూసింది. అరవకుండా చూడటం దానికి కొత్త. మొదటిరోజు మూడుసార్లు అరిచి పెద్దమ్మ నిద్ర చెడగొట్టింది. నాలుగో రోజుకి ముక్కు రెక్క కింద పెట్టుకుని కూర్చోవడం వచ్చింది.

వారానికి మోదుగాకు మీద మూడే వరసలు రాసింది. ఒకటి, పెద్దమ్మ ఎడమ చెవి ఎప్పుడో ముళ్ళకంపకి చిరిగింది, ఆ పక్కన సరిగా వినపడదు. రెండు, పోయినేడు చెలమ అంచు నిటారుగా ఉండి పెద్దమ్మ మనవడు గున్న అందులో జారిపడ్డాడు, తీయడానికి సగం రోజు పట్టింది, ఇప్పటికీ తల్చుకుని నిట్టూరుస్తుంది. మూడు, పచ్చి వెలక్కాయ పెద్దమ్మకి పడదు, వగరు. నాలిక్కి తగలకుండా గుటుక్కున మింగేస్తుంది. పండింది దొరికితే మాత్రం కళ్ళు మూసుకుని, ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చుకుంటూ, పీచు కూడా వదలకుండా చప్పరిస్తుంది.

మేడం ఆ ఆకు పైకి చదవలేదు. తనలో తనే చదువుకుంది. మూడో వరస దగ్గర నాలుక ఆగింది.

"ఇది నీ దగ్గరే పెట్టుకో," అంది.

దండాసి మెడ సాచాడు. "ఏటే గుంటా, ఏనుగు చుట్టూ ఈగలా తిరిగి ఏం పట్టుకొచ్చావు? పేడ బరువెంతో రాశావా?"

పైడికి గొంతులో అరుపు తయారైపోయింది. మేడం చిన్నగా అంది, "తెలిసిందల్లా అరవక్కర్లేదే పిల్లా."

పైడి మింగేసింది. అరుపు మింగితే వెక్కిళ్ళొస్తాయని ఆ రోజే తెలిసింది.

ఇంక దండాసి తెచ్చిన మూడు సంగతులు: పెద్దమ్మ గొప్పది, చాలా గొప్పది, చాలా చాలా గొప్పది. వాటిని అరవై నాలుగు వరసల్లో రాశాడు. క్లాసులో చదివితే రోజుకి పది వరసలే అయ్యేవి, ఈలోగా గంట కొట్టేసేవాళ్ళు. అసలు ఏం అడుగుతున్నాడో ఎవరికీ తెలీదు. ఎవరూ అడగలేదు కూడా. అంత బాగుంది మరి వినడానికి.

పైడి ఒక్కతే అడిగింది. గీత లోపలే నిలబడి, జాగ్రత్తగా. "దండాసి అన్నా, ఇంతకీ చెలమ ఎక్కడ అడుగుతున్నావు?"

"నా బండ కింద," అన్నాడు దండాసి. పళ్ళ సందులో పుల్ల పెట్టుకున్నాడు. "అరవై ఒకటో వరసలో ఉందిలే. ప్రజాసేవ."

"నీ ఇంటి గుమ్మం ముందా?"

"గుమ్మం ముందే. పాపం అందరూ దాహంతో వస్తారు కదా, పలకరించొచ్చు." పుల్ల ఈ మూల నుంచి ఆ మూలకి జరిపాడు. "మీ చిన్నోళ్ళు నలుగురూ ఎలా ఉన్నారు? ఒళ్ళు చేశారా?"

పైడికి ఈకలు లేచి నిలబడ్డాయి.

"ఎవరికైనా చెప్పుకో పో," అన్నాడు దండాసి నవ్వుతూ. "నీ మాట ఎవరు నమ్ముతారు?"

వాడు అన్నది నిజమే, అదే బాధ. పైడి ఒక్క ఉదుటున కుందేళ్ళ దగ్గరికి ఎగిరింది. "ఘోరం, ఘోరం, వాడు మనందర్నీ తినేస్తాడు, చెలమ వాడి బండ కింద అడుగుతున్నాడు, లేవండి, పరిగెత్తండి."

పెద్ద కుందేలు గడ్డిపోచ నమలడం ఆపలేదు. "నిన్న కూడా ఘోరమే అన్నావు."

"నిన్న గాలి. ఇవాళ నిజం."

"మొన్న జీడిపిక్క రాలితే భూకంపం అన్నావు. మేము పిల్లల్ని వేసుకుని కొండెక్కాం. దిగేసరికి నా నడుం పోయింది." కుందేలు అటు తిరిగిపోయింది. "దండాసి ఎంత బాగా రాస్తాడు. అంత బాగా రాసేవాడు చెడ్డోడెలా అవుతాడే?"

పైడి ఇసకలో కూలబడింది. ఇన్నేళ్ళ అరుపులన్నీ ఖర్చయిపోయాయి. కావలసిన రోజుకి ఒక్కటీ మిగల్లేదు.

పెద్దమ్మ దగ్గరికి ఏటా ఇద్దరే వెళ్తారు. ఒకర్ని క్లాసు ఎంచుకుంటుంది, ఒకర్ని మేడం ఎంచుకుంటుంది. క్లాసు చప్పట్లతో దండాసిని ఎంచుకుంది, కుందేళ్ళయితే కాళ్ళతో కూడా కొట్టాయి. మేడం పైడి వైపు చూసింది. "నువ్వు వెళ్ళు."

"నేనా మేడం? నా మాట ఎవరూ నమ్మరు."

"అందుకే. నమ్మేలా రాయి. ఘోరం అనకు, ఏం జరుగుతోందో చెప్పు. ఘోరమో కాదో విన్నోళ్ళే అనుకుంటారు."

పైడి రాసింది. నలభై వరసలొచ్చాయి. తాతల కాలం నుంచి మొదలెట్టింది కదా, మరి. అప్పలస్వామికి చదివింది. పన్నెండో వరసలో ఆయన, "అయితే?"

ఇరవైకి తగ్గించింది. "అయితే?"

కోపంతో ఏడుపొచ్చింది. "ఏంటి మావా, అయితే అయితే అని. మా అమ్మ రోజుకి ఇరవై సార్లు పొట్ట తడుపుకొని వస్తోంది. పిల్లలు ఆ ఈకలు నాకి బతుకుతున్నారు. మడుగు పది రోజుల్లో పోతుంది. దగ్గర్లో నీళ్ళు కావాలి మాకు. ఇంతకన్నా ఇంకేం చెప్పాలి?"

అప్పలస్వామి నెమరు ఆగిపోయింది. దవడ సగంలో నిలిచిపోయింది, గడ్డి అలాగే వేలాడుతోంది.

"ఇదెందుకు రాయలేదే?" అన్నాడు.

పైడి మోదుగాకు వైపు చూసింది. అంతా ఉంది అందులో, తాత ఉన్నాడు, ముత్తాత ఉన్నాడు, అమ్మ పొట్ట ఈకలు మాత్రం లేవు.

ఇప్పుడసలు సీనుకొద్దాం. పైడి పిట్ట. వెలక్కాయ దాని తలకన్నా పెద్దది. మోయలేనివాళ్ళకి తోటివాళ్ళు మోసిపెట్టడం ఆచారం. అప్పలస్వామి తెస్తానన్నాడు. ముందురోజు పొద్దున్నే దండాసి అడ్డం పడ్డాడు.

"మావా, నీకెందుకు శ్రమ. చెల్లెలికి నేను తేనా? క్లాసుమేట్ని కదా."

దండాసి జన్మలో వెలక్కాయ రుచి చూడలేదు. పక్కా మాంసం బాపతు, పండంటే చెట్టుకి పుట్టిన జబ్బనుకునేవాడు. చెట్టు కింద అన్నీ తిరగేసి చూశాడు. ఒకటి దొరికింది, ఇంత పెద్దది, ఆకుపచ్చగా, రాయిలా ఉంది. పంటితో కొరికితే పన్నే కదిలింది. వాడి బుర్రలో లెక్క తిరిగింది. 'దీన్ని నమిలేసరికి పెద్దమ్మకి పొద్దుగూకుతుంది. అరవై నాలుగు వరసలేం, రెండుసార్లు చదవొచ్చు.' ఇంకోటి దొరికింది, చిన్నది, పండి పగుళ్ళిచ్చి, ముట్టుకుంటే మెత్తగా ఉంది. 'ఇది ఆ పిట్టగుంటకి. నోట్లో పెడితే కరిగిపోద్ది. అది నోరు తెరిచేలోపే అయిపోద్ది.'

విన్నపాల రోజు పొద్దున రెండూ పట్టుకొచ్చి పైడి ముందు పెట్టాడు. అందరూ చూస్తుండగా.

"పెద్దది నాది, చిన్నది నీది చెల్లీ. పిట్టంత దానివి, నీకు చిన్నదే అందం."

కుందేళ్ళు కూడా గుర్తుపట్టాయి ఇదేదో తేడాగా ఉందని. అప్పలస్వామి లేచి నిలబడ్డాడు. "ఒరే దండాసీ, ఇదేటి అన్యాయం..."

పైడి నోరు తెరిచింది. అందరూ చెవులు మూసుకున్నారు. రెండు ఊళ్ళకి వినపడే అరుపు రాబోతోందని అందరికీ తెలుసు.

పైడి పెద్దకాయ చూసింది. ఆకుపచ్చగా, రాయిలా. చిన్నపండు చూసింది. పగిలిన చోట తియ్యటి వాసనొస్తోంది. ముక్కు ఒక్కసారి టక్కుమని మూసుకుంది.

"పర్లేదు మావా," అంది మెల్లగా. "చిన్నదే చాలు నాకు. థాంక్స్ అన్నా."

అడివిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. జీడిపిక్క రాలినా వినపడేలా ఉంది. ఒకటి రాలింది కూడా. పైడి దాని వైపు కూడా చూడలేదు. పుట్ట మీద తవిటమ్మ మేడం అటు తిరిగి కూర్చుంది. ఉడుములు నవ్వవు అంటారు గానీ, ఆవిడ తోక మాత్రం ఊగుతోంది.

పెద్దమ్మ వచ్చింది. వాగు మధ్యలో మామిడి మొద్దు పక్కన నిలబడింది, పక్కనే మనవడు గున్న. "ఊఁ, ఎవరు ముందు?"

"నేనే పెద్దమ్మా," అన్నాడు దండాసి. ఎడమ పక్కన నీడ ఉంది కదా, అక్కడ నిలబడ్డాడు, చిరిగిన చెవి వైపు. అరవై నాలుగు వరసల ఆకుల కట్ట విప్పాడు. కాయ అందించాడు. పెద్దమ్మ తొండంతో తీసుకుంది, వాసన చూసింది, మొహం వికారంగా పెట్టింది.

"మహోన్నత శిఖర సమానురాలవైన ఓ గజ..."

గుటుక్.

అంతే. ఏనుగు మింగిన వెలక్కాయ అని పెద్దోళ్ళు ఊరికే అన్నారా?

"తర్వాత ఎవరు?" అంది పెద్దమ్మ.

దండాసి నోరు అలాగే తెరుచుకుని ఉంది. "అదేటి పెద్దమ్మా, నమల్లేదేటి?"

"పచ్చికాయ ఎవరు నములుతార్రా? చేదు మందు వేసుకున్నట్టు వేసుకున్నా, నువ్వు తెచ్చావని."

"నేనింకా విషయానికి రాలేదు పెద్దమ్మా."

"నాకూ అదే అనిపించింది. ఎవర్ని పొగిడావో కూడా తెలీలేదు, ఆ చెవి నాకు సరిగా వినపడదు." పెద్దమ్మ తల తిప్పింది. "ఊఁ, నువ్వా? నువ్వు ఆ గోల పిట్టవి కదూ. చెప్పు, ఇవాళేం మునిగింది?"

కుందేళ్ళు కిసుక్కుమన్నాయి. పైడి కుడి పక్కకి ఎగిరి మొద్దు మీద కూర్చుంది, సరిగ్గా మంచి చెవి పక్కన. అప్పలస్వామి మూతితో చిన్నపండు ముందుకు దొర్లించాడు. పెద్దమ్మ నోట్లో వేసుకుంది. వేసుకోగానే కళ్ళు మూతపడ్డాయి.

పైడి గొంతు లోపల అరుపు ఒకటి గిరగిరా తిరుగుతోంది. దాన్ని తొక్కి పెట్టి, మామూలుగా మాట్లాడింది.

"పెద్దమ్మా, ఈసారి చెలమ ఈ మామిడి మొద్దు దగ్గరే తవ్వు, ఒక పక్క అంచు వాలుగా పెట్టు. మా అమ్మ రోజుకి ఇరవై సార్లు గేదెల మడుగుకి పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి నలుగురు పిల్లల దాహం తీరుస్తోంది, ఆ మడుగు పది రోజుల్లో ఎండిపోతుంది. వాలుగా ఉంటే మా పిల్లలు నడిచి దిగుతారు, మీ గున్న కూడా జారిపడడు."

అయిపోయింది. మూడంటే మూడు మాటలు.

పెద్దమ్మ నోట్లో పండు ఇంకా ఉంది. కుడి బుగ్గలోంచి ఎడమ బుగ్గలోకి వెళ్ళింది. పైడికి ఏం చేయాలో తోచలేదు. టైము మిగిలిపోవడం కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు దానికి.

పెద్దమ్మ ఒక కన్ను తెరిచింది. "ఇరవై సార్లా? నువ్వు లెక్కపెట్టావా?"

"పెట్టాను పెద్దమ్మా. నిన్న పంతొమ్మిదే. రెక్క నొప్పెట్టి ఒకసారి కూర్చుండిపోయింది."

"ఈ మొద్దు దగ్గరే ఎందుకు? కొండ కింద ఇంకా తొందరగా పడతాయి నీళ్ళు."

"కొండ కింద నక్కబండ ఉంది పెద్దమ్మా. నీళ్ళకి వచ్చే ప్రతివాళ్ళూ దాని గుమ్మం ముందు నుంచి పోవాలి. ఇక్కడైతే నాలుగు వైపులా ఖాళీ, ఎవరొచ్చినా దూరం నుంచే కనపడతారు."

కుందేళ్ళ చెవులు ఒక్కసారి నిలబడ్డాయి. పెద్ద కుందేలు దండాసి వైపు చూసింది, దండాసి ఆకాశం వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టు, పంటి సందులో పుల్ల తీసి దాచేశాడు.

"ఇందాక వాడు అడగబోయింది ఆ బండ కిందేనా?" అంది పెద్దమ్మ.

"అరవై ఒకటో వరసలో ఉంది పెద్దమ్మా. నన్ను నమ్మక్కర్లేదు. ఆకు వాడి చేతిలోనే ఉంది, చూడు."

పెద్దమ్మ తొండం చాచి కట్ట లాక్కుంది. అరవై ఒకటో వరస ఉన్న ఆకు తీసి గున్నకి ఇచ్చింది. గున్న ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. "ఓ... కరుణా... నా బండ... కింద." తర్వాత ఆకు తినేశాడు, చిన్నోడు కదా.

చివరికి పెద్దమ్మ పండు ఆఖరి పీచు కూడా చప్పరించి, నెమ్మదిగా, ఎంతో ఇష్టంగా మింగింది.

"రేపు పొద్దున్నే తవ్వుతా," అంది. "ఈ మొద్దు దగ్గర. తూర్పు అంచు వాలుగా పెడతా. సరేనా?"

పైడి ఇంక ఆపుకోలేకపోయింది. మింగిన అరుపులన్నీ కలిపి ఒకటే అరిచింది. జీడితోటలో కాపలావాడు మంచం మీంచి పడ్డాడంట. ఈసారి కుందేళ్ళు కొండెక్కలేదు. అరుపు ఎందుకో అందరికీ తెలుసు మరి.

మర్నాడు చెలమ పడింది. మధ్యాహ్నానికి ఊట నిండింది. నాలుగు దూది ఉండలు ఒకదాని వెనక ఒకటి ఇసక వాలు మీద దిగి, మొట్టమొదటిసారి అమ్మ పొట్ట కాకుండా అసలు నీళ్ళు తాగాయి. ఒకదానికి నచ్చలేదంట, ఈకల రుచి లేదని. వాళ్ళమ్మ పక్కనే కూర్చుంది, ఎక్కడికీ ఎగరకుండా, పొట్ట ఎండబెట్టుకుంటూ.

"నక్క తోక తొక్కొచ్చింది మీ పిల్ల, అదృష్టం," అంది పెద్ద కుందేలు.

"తోక తొక్కలేదు పిన్నీ," అంది పైడి. "తోక వాడే అడ్డం పెట్టాడు."

దండాసి మాత్రం పుట్ట దగ్గర అప్పలస్వామిని పట్టుకున్నాడు. గీత లోపలే కూర్చున్నాడు, బయటికెళ్తే కుందేళ్ళు నవ్వుతున్నాయి. "చూశావా మావా, ఎంత ఘోరం. ఇంత భాష, ఇంత శైలి, ఇన్ని ఉపమానాలు. ఈ అడివికి సాహిత్యం విలువ తెలీదు. రాత్రీ పగలూ కూర్చుని రాశాను. ఎండనక వాననక కాయ మోసుకొచ్చాను, పన్ను కూడా కదిలింది. ఒక గోలపిట్ట, మూడు ముక్కలు మాట్లాడి, నా నోటి కాడి చెలమ ఎత్తుకుపోయింది. లోకంలో న్యాయం ఉందా అని అడుగుతున్నా, ప్రతిభకి గుర్తింపు ఉందా అని అడుగుతున్నా..."

అప్పలస్వామి నెమరేస్తూనే ఉన్నాడు. చాలాసేపు విన్నాడు. ఓపిక ఎద్దులది కదా.

"అయితే?" అన్నాడు.

ఇంక నీతి పెద్దగా చెప్దామనుకున్నా, నాలుగు పాయింట్లున్నాయి, కానీ మా అమ్మ వంటింట్లోంచి రెండోసారి పిలిచింది, మూడోసారి పిలవదు, నేరుగా వచ్చేస్తుంది. కాబట్టి ఒకటే: వినేవాళ్ళెవరో తెలుసుకుని కావలసింది ముందు అడుగు, పొగడ్తలు పండు మింగాక కూడా చెప్పుకోవచ్చు. దండాసి ఆ తర్వాత మళ్ళీ కాలేజీలో మొదటి బెంచీలో చేరి ఏం రాశాడంటే... ఆఁ, వస్తున్నానమ్మా.